మీకు తెలుసా? ధ్యానమునకు నైరంతర్యమే బలము

చంచలమైన మనస్సును నిగ్రహించుటకు అభ్యాసవైరాగ్యములే సాధనములని భగవద్గీతయు, పతంజలి యోగసూత్రములును ఏకకంఠముతో చెప్పుచుండగా, ఆ అభ్యాసము దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినప్పుడే దృఢమగునని పతంజలి ప్రథమపాదమందే విశదపరచెను.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలయందు జాన్ కబాట్-జిన్ బౌద్ధధ్యానపద్ధతుల ఆధారమున రోగుల కొరకు నెలకొల్పిన శిక్షణయే నేడు 8 వారముల పాఠ్యక్రమముగ ప్రసిద్ధి గాంచినది. ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబరు 21ని ప్రపంచ ధ్యానదినముగ ప్రకటించెను.

నూతన సాధకుడు దినమునకు 10 నిమిషములైనను, ఒకే వేళ, ఒకే చోట, వెన్ను నిటారుగ నిలిపి సుఖముగ కూర్చుండి, ఉచ్ఛ్వాసనిశ్వాసములను గమనింపవలెను. మనస్సు ఎన్నిమార్లు చెదరినను, విసుగుచెందక అన్నిమార్లు దానిని శ్వాసపైకి మరల్చుటయే సాధన. రేపటికై వేచియుండక నేడే ఆరంభింపుడు.