నాలుగు మిల్లీమీటర్ల నడక

హైదరాబాద్ సీతాఫల్‌మండిలో ఎంఎంటీఎస్ రైలెక్కి కాచిగూడ వైపు వెళ్తే తర్వాతి స్టేషన్ ఆర్ట్స్ కాలేజీ. 1939లో ప్రారంభమైన ఆ కాలేజీ గులాబీ గ్రానైట్ కట్టడం ముందు ఫొటో దిగని ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు అరుదు. భవనం కదలదు. దాని మీది మబ్బులు, మెట్లమీది మనుషులు, సాయంత్రం రాతిమీద పాకే నీడ మాత్రం ఆగవు. కంటికి అందని ఆ నిదానపు కదలికను పది సెకన్లలో చూపించేదే టైమ్‌లాప్స్.

వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటే పది సెకన్లకు 250 ఫొటోలు కావాలి. ఐదు సెకన్లకు ఒకటి చొప్పున తీస్తే దాదాపు 21 నిమిషాల పని. ట్రైపాడ్ మీద కెమెరా నిశ్చలంగా ఉంటే మబ్బులు పరుగెడతాయి గానీ దృశ్యానికి లోతు రాదు. అదే కెమెరాను మీటరు పొడవున్న స్లైడర్ పట్టా మీద మెల్లగా జరిపితే దగ్గరున్న కొమ్మ వేగంగా, దూరాన ఉన్న భవనం నెమ్మదిగా పక్కకు తప్పుకుంటాయి. లోతు ఆ తేడాలోంచే పుడుతుంది.

మీటరును 250తో భాగిస్తే ఒక్కో ఫొటోకు నాలుగు మిల్లీమీటర్లు. అన్నిసార్లు అంత కచ్చితంగా చేత్తో జరపడం అసాధ్యం. అందుకే స్టెప్పర్ మోటారు. ఈ రకం మోటార్లలో ఎక్కువ భాగం ఒక చుట్టును 200 అడుగులుగా తిరుగుతాయి. కంట్రోలర్ ఎన్ని అడుగులు చెబితే అంతే కదిలి ఆగుతాయి. కెమెరా జరగాలి, ఆగాలి, కుదుపు తగ్గాలి, అప్పుడే షట్టర్ తెరుచుకోవాలి. దర్శకుడు రాన్ ఫ్రికే 1992 నాటి డాక్యుమెంటరీ ‘బరాకా’లోని టైమ్‌లాప్స్ దృశ్యాలను ఇలా కంప్యూటర్ నడిపిన కెమెరాతోనే 70 ఎంఎం ఫిల్మ్ మీద తీశాడు. కదలిక ఉందని ప్రేక్షకుడికి తెలిసిపోయిందంటే అది ఎక్కువైనట్టే.

యంత్రంతో కెమెరాను ఇంత నిదానంగా నడిపే విద్య హైదరాబాదుకు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకు మారింది, ఆపై ఉస్మానియా చేతికి వచ్చింది. ఆకాశాన్నంతటినీ ఫొటోల్లోకి ఎక్కించాలన్న ‘కార్ట్ ద్యు సియెల్’ పథకంలో ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో (ఆకాశాన్ని ఫొటో తీసే టెలిస్కోపుతో) పాల్గొని, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. గాజు ప్లేటుకు నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వాలి. ఈలోగా భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరిగిపోతూ ఉంటుంది. ఆ తిరుగుడుకు ఎదురుగా టెలిస్కోపును సరిగ్గా అదే వేగంతో తిప్పితేనే చుక్క చుక్కగా నిలుస్తుంది, లేదంటే గీతైపోతుంది.

నేటి చిన్న స్టార్ ట్రాకర్లు చేసేదీ ఇదే. చిక్కేమిటంటే ట్రాకర్ నక్షత్రాన్ని నిలబెడితే కింద చెట్లూ గుట్టలూ చెదిరిపోతాయి. రెంటినీ విడివిడిగా తీసి కలపాల్సి వస్తుంది.

ఉస్మానియా దగ్గరి తార్నాక కూడలిలో టైమ్‌లాప్స్ తీయాలంటే ఇబ్బంది వేరు. పొద్దు వాలేవేళ పైన మెట్రో, కింద వాహనాల దీపాలు బాగుంటాయి. వాటిని సాగిన గీతలుగా చూపాలంటే ఐదు సెకన్ల విరామంలో సగం సేపు షట్టర్ తెరిచి ఉంచాలి, వెలుతురు ఉన్నంతసేపు లెన్స్‌కు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి. ఆటో మోడ్‌లో వదిలేస్తే ఫ్రేముకో వెలుగు పడి వీడియో మిణుకుమంటుంది. చీకటి పడుతున్నకొద్దీ ఎక్స్‌పోజర్‌ను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి.

నగరపు వెలుగులో అక్కడ చుక్కల కోసం మాత్రం వెతికి లాభం లేదు. ఉస్మానియా ఖగోళ విభాగం 48 అంగుళాల టెలిస్కోపును 1968లో నగరానికి దూరంగా జపల్-రంగాపూర్‌లో నెలకొల్పింది. నక్షత్రాల టైమ్‌లాప్స్ కావాలనుకునేవాళ్లూ స్లైడర్, బ్యాటరీలు సర్దుకుని ఊరి వెలుగు దాటి వెళ్లాల్సిందే.