చిన్న గదిలో పెద్ద అడవంతా నడవడం ఎలా?

వర్చువల్ రియాలిటీ (వీఆర్) కళ్లద్దాలు పెట్టుకుంటే ముందు పెద్ద అడవి కనిపిస్తుంది. మీరున్నది మాత్రం నాలుగు గోడల మధ్యే. మరి గోడకు గుద్దుకోకుండా అడవంతా నడిచేదెలా? ట్రెడ్‌మిల్ పెట్టొచ్చుగా అంటారేమో. దాని మీద గబుక్కున తిరిగినా, ఆగినా అసలు నడకలా ఉండదు. అందుకే కాళ్లను కట్టేయడం కన్నా మెదడుకు అందే కబుర్లను కాస్త మార్చడమే మేలు.

మనం ఎటు తిరుగుతున్నామో కళ్లు ఒక్కటే చెప్పవు. లోపలి చెవిలో ద్రవం నిండిన సన్నని గొట్టాలున్నాయి. తల తిప్పితే అవి కబురు పంపుతాయి. పాదాలు, కండరాలు కూడా చెబుతాయి. రచ్చబండ మీది పెద్దమనిషిలా మెదడు అందరి మాటా విని, స్పష్టంగా చెప్పినవారి వైపు మొగ్గుతుంది. అమెరికాలో షరీఫ్ రజాక్ బృందం 2001లో ఈ గుణాన్నే వాడుకుంది. కళ్లద్దాల్లోని దృశ్యాన్ని మెల్లగా తిప్పుతుంటే, తిన్నగా వెళ్తున్నాననుకుంటూనే మనిషి వంపు తిరుగుతాడు! అయితే వంపు ఎక్కువైతే లోపలి చెవి పసిగడుతుంది. తెలియకుండా తిప్పాలంటే మనిషి నడిచే వలయం మధ్య నుంచి అంచుకు కనీసం 22 మీటర్లు ఉండాలని 2010 నాటి ఒక పరిశోధన తేల్చింది. అంత జాగా ఏ ఇంట్లో ఉంటుంది?

ఇక్కడే స్పర్శ అక్కరకొస్తుంది. 2016లో టోక్యో విశ్వవిద్యాలయం వారు కళ్లకు తిన్నని గోడ చూపిస్తూ, చేత్తో వంపు గోడను తాకించారు. చెయ్యి కంటికి సాక్ష్యం పలికింది. తక్కువ జాగా సరిపోయింది. చెవి వెనక సన్నని ప్రకంపన ఇచ్చి లోపలి చెవి మాటను మసకబరిచే ప్రయత్నాలూ ఉన్నాయి. ఇంత మాయ చేస్తే కళ్లు తిరగవా? కబుర్ల మధ్య పేచీ పెరిగితేనే తిరుగుతాయి. ఆ పేచీని తగ్గించడమే ఈ ప్రయత్నమంతా.