బి.టెక్. తరువాత మెట్టు



అరకులోయ కొండల్లోని మా సంఘంలో ఒక యువకుడు సివిల్ ఇంజనీరింగులో బి.టెక్. ముగించి ఎం.టెక్. చదవాలని ఆశించాడు. ఒక సాయంకాలం అతని తండ్రి కాఫీ తోట పని నుండి నేరుగా మా ఇంటికి వచ్చాడు. “అయ్యగారూ, బాప్తిస్మం తీసుకున్నాం గదా, మా వాడికి ఇక ఎస్టీ సర్టిఫికెట్టు రాదంట, నిజమేనా?” అని అడిగాడు. ఎవరో అన్న ఆ మాటకు భయపడి అబ్బాయి ఒక సంవత్సరం దరఖాస్తే పెట్టలేదు!

ప్రియులారా, 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతాన్ని గూర్చిన నిబంధన ఉన్నది. అదే సంవత్సరపు షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో అది లేదు. కాబట్టి మన విశ్వాసాన్ని దాచనక్కరలేదు, అబద్ధమాడనక్కరలేదు.

ఎం.టెక్.కు ముఖ్యద్వారం గేట్ పరీక్ష. మూడు గంటలు, 100 మార్కులు. ఎస్టీ విద్యార్థులకు ఫీజు సగమే. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కేంద్ర విద్యాసంస్థల్లో 7.5 శాతం సీట్లు ఎస్టీలకు కేటాయించారు. అయితే స్కోరు వచ్చినంత మాత్రాన సీటు రాదు. ఐఐటీలకు వేరుగా, ఎన్ఐటీల కొరకు సీసీఎంటీ కౌన్సెలింగుకు వేరుగా దరఖాస్తు చేయాలి. మన రాష్ట్రంలోని కళాశాలలకు పీజీఈసెట్ ఉన్నది. పదవ తరగతి సర్టిఫికెట్టులోని పేరు, కుల ధ్రువీకరణలోని పేరు ఒక్కటిగా ఉన్నాయో లేదో ముందే చూచుకోండి.

గోపురం కట్టదలచినవాని ఉపమానం మనమెరిగినదే. లెక్క ముందు, పని తరువాత. ఈసారి సర్టిఫికెట్టు కొరకు మేమే ఆ తండ్రీకొడుకులతో పాడేరు వెళ్లాం. అబ్బాయి గేట్‌కు దరఖాస్తు పెట్టాడు. మీ సంఘంలో అటువంటి బిడ్డ ఉంటే, ప్రార్థించండి. తోడుగా బస్సు కూడా ఎక్కండి.