కథ చెప్పే కుర్చీ ఖాళీ అయినప్పుడు

పదవీ విరమణ సభ ఎలా జరుగుతుందో మనందరికీ తెలిసిందే. పూలదండ, శాలువా, మెమెంటో, ఆపైన నలుగురి ప్రసంగాలు. ఏ ఉద్యోగికైనా ఆ మర్యాద జరగాల్సిందే. కాని గ్రంథాలయంలో ఏళ్ల తరబడి పిల్లల విభాగం చూసుకున్న లైబ్రేరియన్ రిటైరవుతున్నప్పుడు ఆ మర్యాద ఒక్కటే చాలదు. ఇంజనీరు రిటైరైతే కట్టిన వంతెన కనిపిస్తుంది. పిల్లల లైబ్రేరియన్ చేసిన పని మాత్రం పాతికేళ్ల తర్వాత ఎక్కడో, ఎవరి జీవితంలోనో బయటపడుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో సరైన రోజున సరైన పుస్తకం పడిందన్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు. పుస్తకం ఇచ్చిన తేదీ, తిరిగొచ్చిన తేదీ మాత్రమే ఉంటాయి. అందుకే అలాంటి మనిషిని గౌరవించాలంటే ముందు ఆమె చేసినది ఒక విద్య అని ఒప్పుకోవాలంటాను. ఆ విద్యను కాగితం మీద పెట్టాలి, మరొకరికి నేర్పాలి, నేర్చుకున్న మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. ఈ మాటకు రుజువు న్యూయార్క్ ప్రజా గ్రంథాలయ చరిత్రలో ఉంది. అక్కడ పిల్లల సేవలకు అధిపతులుగా పనిచేసిన మహిళల్లో ఒకరు 1941లో, మరొకరు 1974లో రిటైరయ్యారు. ఆ రెండు విరమణల తర్వాత ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటి ఆమె ఆన్ కారొల్ మూర్. 1871లో మెయిన్ రాష్ట్రంలో పుట్టారు. ఆమె ఈ వృత్తిలోకి వచ్చేనాటికి అమెరికాలో చాలా గ్రంథాలయాలు పిల్లల్ని గుమ్మం దాటనిచ్చేవి కావు. పద్నాలుగేళ్లు నిండాక రండి అనేది చాలాచోట్ల నియమం. బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో 1896 నుంచి పిల్లల గది నడిపి, 1906లో ఆమె న్యూయార్క్ ప్రజా గ్రంథాలయ శాఖలన్నిటిలో పిల్లల సేవలకు పర్యవేక్షకురాలయ్యారు. 1911లో ఫిఫ్త్ అవెన్యూ మీద కొత్త ప్రధాన భవనం తెరిచినప్పుడు అందులో పిల్లలకంటూ ఒక గది వెలిసింది. వాళ్ల ఎత్తుకు సరిపోయే బల్లలు, కుర్చీలు, చేతికందే అరలు అమర్చారు. 'నిశ్శబ్దం' అన్న బోర్డులు పోయాయి. పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలనుకున్న పిల్లవాడు ముందు ఒక పెద్ద నల్ల రిజిస్టరులో తన పేరు తానే రాయాలి. పేరు రాశాడంటే పుస్తకాలను జాగ్రత్తగా చూసుకుంటానని, గ్రంథాలయ నియమాలు పాటిస్తానని మాట ఇచ్చినట్టు. అప్పుడే ఓడ దిగివచ్చిన వలస కుటుంబాల పిల్లలు, ఇంగ్లీషు అక్షరాలు ఇంకా చేతికి లొంగని వాళ్లు, బల్ల మీదికి వంగి ఒక్కో అక్షరం దిద్దుకుంటూ ఆ పుటలో పేరు రాయడం ఊహించుకోండి. ఆ రిజిస్టరులో ఒక గొప్ప ఆలోచన ఉంది. పిల్లవాడు తన మాటకు తానే పూచీ పడగలడని ఒక సంస్థ నమ్మింది.

ఇంత చేసిన మూర్ డెబ్బై ఏళ్ల వయసులో 1941లో రిటైరయ్యారు. అక్కడినుంచి కథ కాస్త ఇబ్బందిగా సాగింది. ఆమె స్థానంలో ఫ్రాన్సిస్ క్లార్క్ సేయర్స్ వచ్చారు. మూర్ మాత్రం సమావేశాలకు రావడం మానలేదు. చోటు మార్చినా వచ్చేవారు. పిల్లల పుస్తకాల లోకంలో ఆమె మాట శాసనంలా చెల్లుబాటవుతూనే ఉంది. ఇ.బి. వైట్ రాసిన 'స్టువర్ట్ లిటిల్' 1945లో అచ్చుకాకముందే ప్రూఫులు చదివి, ఆ పుస్తకం తీసుకురావద్దని రచయిత ఇంటికి ఉత్తరం రాశారు. ఆ పుస్తకం వచ్చింది, పిల్లలు అక్కున చేర్చుకున్నారు. 1947లో వచ్చిన 'గుడ్‌నైట్ మూన్' సంగతి మరీ విచిత్రం. అమెరికాలో తరాల పిల్లలు నిద్రపోయే ముందు విన్న ఆ పుస్తకాన్ని న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం 1972 దాకా కొననే లేదు. మూర్ అభిరుచి అంత బలంగా ఆ విభాగంలో నాటుకుపోయింది. నింద వేయడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. ఆమె తర్వాతి తరాన్ని తయారు చేశారు కూడా. ఆమె వల్ల ఇబ్బంది పడిన సేయర్సే 1972లో ఆమె జీవిత చరిత్ర రాశారంటే ఆ వ్యక్తిత్వం ఎంతటిదో తెలుస్తుంది. నేను చూపదలచింది ఒక్కటే. ఒక మనిషి ఇష్టాయిష్టాలే సంస్థకు ప్రమాణమైతే, ఆ మనిషి వెళ్లిపోయినా కుర్చీ ఖాళీ కాదు, కొత్తగా వచ్చినవారికి అందులో చోటూ దొరకదు.

రెండో ఆమె అగస్టా బేకర్. 1911లో బాల్టిమోర్‌లో పుట్టారు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర కథలు విని పెరిగారు. 1937లో అదే గ్రంథాలయానికి హార్లెం ప్రాంతంలో ఉన్న 135వ వీధి శాఖలో పిల్లల లైబ్రేరియన్‌గా చేరారు. చుట్టూ ఉన్నది నల్లజాతి కుటుంబాలు. అరల్లో ఉన్న పుస్తకాల్లో నల్లపిల్లలు కనిపిస్తే ఎగతాళి బొమ్మలుగా, వంకర మాటలు మాట్లాడే పాత్రలుగా కనిపించేవారు, లేకపోతే అసలు ఉండేవారు కారు. రోజూ ఆ పిల్లలకు పుస్తకాలు అందించే మనిషికి ఇది కళ్లెదుటి సంగతి. తన ముఖాన్ని హేళన చేసే బొమ్మను ఏడేళ్ల పిల్ల చేతిలో ఎలా పెట్టడం? బేకర్ 1939లో ఆ శాఖలోనే నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ పేరు మీద ఒక ప్రత్యేక సేకరణ మొదలుపెట్టారు. నల్లవారి జీవితాన్ని గౌరవంగా, నిజాయితీగా చూపిన పిల్లల పుస్తకాలకే అందులో చోటు. ఏ పుస్తకాన్ని ఎందుకు తీసుకోవాలి, ఎందుకు వద్దనాలి అన్నదానికి కొలతలు పెట్టుకున్నారు. భాష ఎలా ఉంది, బొమ్మ ఎలా ఉంది, కథలో ఆ పాత్ర స్థానం ఏమిటి అని చూశారు. 1946లో ఆ జాబితాను గ్రంథాలయం అచ్చువేసింది. ఆ తర్వాత మారుతూ, పెరుగుతూ పలు ముద్రణలు వచ్చాయి. 1971లో దానికి 'ది బ్లాక్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ చిల్డ్రన్స్ బుక్స్' అన్న పేరు పెట్టారు. మంచి పుస్తకాలు లేవని తేలినచోట ఆమె ప్రచురణకర్తలతో, సంపాదకులతో మాట్లాడి రాయించే ప్రయత్నం చేశారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఏ పుస్తకం ఏ పిల్లకు ఇవ్వాలన్న తెలివి అనుభవమున్న ప్రతి లైబ్రేరియన్ తలలోనూ ఉంటుంది. తలలో ఉన్నంతకాలం అది ఆ శాఖకు, ఆ ఊరికి మాత్రమే. జాబితాగా అచ్చయితే హార్లెం ఎన్నడూ చూడని లైబ్రేరియన్ కూడా దాన్ని వాడుకోవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు, కొత్త పుస్తకం వస్తే చేర్చవచ్చు. మూర్ కూడా పుస్తకాల జాబితాలు వేశారు, సమీక్షలు రాశారు. అయితే అక్కడ నిర్ణయం ఆమె అభిరుచి మీద ఆధారపడింది. బేకర్ తన కొలతలు ఏమిటో బయటపెట్టారు, కనుక ఎవరైనా ఆమెతో వాదించగలిగారు. నా దృష్టిలో ఈ ఇద్దరి మధ్య అసలు తేడా ఇదే.

కథ చెప్పడమూ అంతే. పుట్టుకతో వచ్చే వరమని చాలామంది అనుకుంటారు. న్యూయార్క్ గ్రంథాలయాల్లో కథాసమయానికి ఒక పద్ధతి ఉండేది. ముందు కొవ్వొత్తి వెలిగిస్తారు. వెలుగుతున్నంతసేపూ కథ. పుస్తకం చేతిలో ఉండదు, చూపు పిల్లల ముఖాల మీదే ఉంటుంది. కథ అయ్యాక పిల్లలు మనసులో ఒక కోరిక కోరుకుని కొవ్వొత్తి ఊదుతారు. చూడటానికి ఎంతో తేలిక. వెనక ఉన్న శ్రమ వేరు. కథను ముందు పదాలుగా కాక దృశ్యాలుగా మనసులో నిలుపుకోవాలి, పైకి పదేపదే చెప్పుకోవాలి, కథకురాలు వెనక్కి తగ్గి కథను ముందుకు రానివ్వాలి. బేకర్ 1953లో కథాకథన నిపుణురాలిగా నియమితులై ఈ పనిని తక్కిన లైబ్రేరియన్లకు నేర్పారు. 1961లో ఆ గ్రంథాలయ శాఖలన్నిటికీ పిల్లల సేవల సమన్వయకర్త అయ్యారు. ఆ సంస్థలో అంతటి పరిపాలనా పదవికి చేరిన తొలి నల్లజాతి లైబ్రేరియన్ ఆమే. ముప్పై ఏడేళ్ల సర్వీసు తర్వాత 1974లో రిటైరయ్యారు. మూడేళ్లకు, 1977లో, ఎల్లిన్ గ్రీన్‌తో కలిసి కథ చెప్పే విద్య మీద పాఠ్యగ్రంథం తెచ్చారు. 1980లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం ఆమెను ఆస్థాన కథకురాలిగా పిలిచింది. ఆ రాష్ట్ర రాజధాని కొలంబియాలో 1987లో ఆమె పేరు మీద కథల పండుగ మొదలైంది. బేకర్స్ డజన్ అంటే ఇంగ్లీషులో పన్నెండు మీద ఒకటి కొసరు. ఆ మాటలో ఆమె పేరు కలిపి పండుగకు పేరు పెట్టుకున్నారు. 1998లో ఆమె కన్నుమూసిన తర్వాత కూడా అది సాగింది. ఒక లైబ్రేరియన్‌కు ఊరు చేసిన సన్మానమంటే దీన్నే అనాలి. ఆమె పేరు చెప్పుకుని ఏటా పిల్లలకు కథలు వినిపిస్తున్నారు.

జీతం తీసుకుని చేసిన ఉద్యోగానికి ఇంత గౌరవమెందుకని ఒక ప్రశ్న రావచ్చు. ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు ఆ జీతంలోనే ఉంది. మనం వీడ్కోలు సభల్లో త్యాగం, సేవ, అమ్మ మనసు అంటూ మాట్లాడతాం. అవి నిజమే అయినా వాటివల్ల ఒక హాని ఉంది. పిల్లల గదిలో జరిగినదంతా ఒక మనిషి మంచితనమని తేల్చేస్తే, ఆమె వెళ్లిపోయాక అది ఆగిపోయినా ఎవరూ జవాబుదారీ కారు. అలాంటి వాళ్లు మళ్లీ పుట్టరని నిట్టూర్చి ఊరుకుంటాం. అదే దాన్ని జీతమిచ్చి చేయించే వృత్తిగా గుర్తిస్తే, ఆ పోస్టు నింపలేదేమని అడిగే హక్కు ఊరికి వస్తుంది. డాక్టరు రిటైరైతే మరో డాక్టరు రావాలని మనం అడుగుతాం, అటెండరు చేత వైద్యం చేయించమనం. పిల్లల గదికి కూడా అదే న్యాయం వర్తించాలి.

ఇప్పుడు ఫోనులో కావలసినన్ని కథలున్నాయి, ఇంకా లైబ్రేరియన్ ఎందుకన్నది అంతకంటే బలమైన వాదన. దీన్ని కొట్టిపారేయలేం. బేకర్ కూడా తెరను శత్రువుగా చూడలేదు, అమెరికా పిల్లలంతా చూసిన 'సెసమీ స్ట్రీట్' టీవీ కార్యక్రమానికి ఆమె సలహాలిచ్చారు. కథ తెర మీద కూడా బతుకుతుంది. కాని ఫోను పిల్లవాడు నిన్న చూసినదాన్ని బట్టి ఇవాళ అలాంటిదే మరొకటి చూపిస్తుంది. మంచి లైబ్రేరియన్ చేసేది దీనికి పూర్తిగా భిన్నం. పిల్లవాడికి తెలియని, అడగడం చేతకాని పుస్తకాన్ని తీసి ఇస్తుంది. నచ్చలేదంటే మరొకటి ఇస్తుంది. బడిలో టీచరుకు సిలబస్ ఉంటుంది, పరీక్ష ఉంటుంది. గ్రంథాలయంలో సగం చదివి తిరిగి ఇచ్చేసినా అడిగేవారుండరు. మార్కులు లేకుండా పిల్లవాడు తన ఇష్టాన్ని తాను కనుక్కునే చోటు ఊరంతా వెతికినా మరొకటి దొరకడం కష్టం. ఒకే ఒక మెలిక ఉంది. అలాంటి చోట పెద్దమనిషి అభిరుచే రాజ్యమేలితే 'గుడ్‌నైట్ మూన్' పాతికేళ్లు గుమ్మం బయటే నిలబడుతుంది. కాబట్టి లైబ్రేరియన్ మీద గురుభక్తితో పాటు ఆమె కొలతల మీద చర్చ కూడా ఉండాలి. ఆ చర్చ జరగాలంటే ఆమె తనకు తెలిసింది రాసిపెట్టి వెళ్లాలి, అందుకు సంస్థ ఆమెకు వ్యవధి ఇవ్వాలి. విరమణకు ముందు ఆరు నెలలు కొత్త మనిషిని ఆమె పక్కన కూర్చోబెడితే, శాలువా కంటే అది ఆమెను ఎక్కువ సంతోషపెడుతుందని నమ్ముతాను.

ఈ మాటలు మనకు కొత్తవి కావు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చొరవతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ పెద్దలకు తెలిసిన సంగతి ఏమిటంటే, భవనం కట్టినంత మాత్రాన గ్రంథాలయం కాదు, పుస్తకాన్ని మనిషి దగ్గరికి చేర్చే మరో మనిషి కావాలి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అంటే గ్రంథాలయాలకు అయ్యే ఖర్చులో కొంత మన జేబులోంచే వెళుతోంది, అడిగే హక్కూ మనదే.

ఏటా నవంబరు 14న, బాలల దినోత్సవం నాడే, గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. ఈసారి మీ ఊరి శాఖా గ్రంథాలయానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ పనిచేసి రిటైరైన లైబ్రేరియన్ మీ ఊళ్లోనే ఉంటే ఆమెను కూడా పిలుచుకుని వెళ్లి ఒక కథ చెప్పమనండి. తర్వాత ఆమె స్థానంలోకి ఎవరు వచ్చారో, పిల్లల పుస్తకాల బీరువా తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో అడగండి. ఎవరి దగ్గరా లేదంటే, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఆ రోజే ఒక అర్జీ రాయండి.