ఆఖరి సెలికా

నడిచేటప్పుడు మీరు ముక్కుతో మెల్లిగా గాలి పీల్చుకుంటారు. పరుగు అందుకోగానే అది చాలదు. నోరు తెరిచి గుండెల నిండా పీల్చుకోవలసి వస్తుంది. ఇలాగే రెండు విధాల ఊపిరి పీల్చే కారు ఒకటి జపానులో తయారయింది. దాని పేరు టయోటా సెలికా.

లాటిన్ భాషలో ఆ మాటకు "ఆకాశానికి చెందినది" అని అర్థం. పేరు ఆకాశంలో ఉన్నా, దాని వెల మాత్రం సామాన్యులకు అందేటట్టే ఉండేది. మొదటి సెలికా 1970 లో వచ్చింది. ఆ వంశంలో ఏడవదీ, ఆఖరిదీ 1999 లో వచ్చింది. ముక్కు కొనదేలి ఉండేది. తలుపులు రెండే. బరువు సుమారు 1,100 కిలోలు.

అమెరికాలో దీనిని రెండు రకాలుగా అమ్మారు. రెండింటి ఇంజనూ 1.8 లీటర్లదే. కాని మొదటి రకానికి 140 గుర్రాల శక్తి ఉంటే, రెండవదానికి 180 గుర్రాల శక్తి ఉన్నది. ఇంజను పెద్దది కాకుండానే 40 గుర్రాలు ఎక్కడినుంచి వచ్చినవి? ముఖ్యంగా ఊపిరిలోనుంచే!

ఇంజనులో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఆ గాలి కవాటాల గుండా సిలిండరులోకి వస్తుంది. కవాటాలను తెరిచేది క్యామ్. ఇది ఒక పక్క ఉబ్బిన ఇనప చక్రంలాగా ఉంటుంది. అది తిరిగేటప్పుడు ఉబ్బు వచ్చి ఒక మీటను నొక్కుతుంది, కవాటం తెరుచుకుంటుంది. ఇంజను నిముషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 సార్లు గాలి పీల్చుకోవాలి. అంత తొందరలో కవాటం కొంచెమే తెరుచుకుంటే గాలి చాలదు.

మరి ఎప్పుడూ బాగా తెరిస్తే సరిపోదా? సరిపోదు. నిదానంగా తిరిగేటప్పుడు అలా తెరిస్తే ఇంజను తడబడుతుంది, పెట్రోలూ దండగ అవుతుంది.

అందుకని టయోటా వారు, యామహా కంపెనీ సాయంతో, రెండవ రకం ఇంజనులో చిన్న ఉబ్బునూ పెద్ద ఉబ్బునూ పక్కపక్కనే అమర్చారు. మామూలుగా చిన్న ఉబ్బే కవాటాలను తెరుస్తుంది. పెద్దది తిరుగుతున్నా దాని నొక్కుడు కవాటాలకు అందదు. ఇంజను వేగం 6,000 చుట్లు దాటగానే నూనె ఒత్తిడికి ఒక చిన్న మేకు జరిగి, పెద్ద ఉబ్బు కింద ఉన్న సందును మూసేస్తుంది. అప్పటినుంచి పని పెద్ద ఉబ్బుదే. కవాటాలు బాగా తెరుచుకుంటవి, కారు ఒక్కసారిగా జోరు అందుకుంటుంది.

అయితే ఊళ్ళో తిరిగే కారు అంత వేగంగా ఇంజనును తిప్పే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? ఆ 40 గుర్రాలూ ఎక్కువ కాలం నిద్రలోనే ఉండేవి. అమ్మకాలు ఏటికేడు తగ్గిపోయినవి. 2005 లో అమెరికాలో అమ్మకం ఆగింది. 2006 లో జపానులో తయారీ కూడా నిలిచిపోయింది. 35 ఏళ్ళ వంశం అంతటితో సరి.

కాని ఆ ఇంజను మాత్రం కారుతోపాటే పోలేదు. ఇంగ్లండులోని లోటస్ కంపెనీ 2004 నుంచే దానిని తమ ఎలీజ్ అనే కారులో అమర్చుకున్నది. ఆ కారు సెలికా కన్నా ఎంతో తేలిక. సెలికా ఆగిపోయాక కూడా ఆ ఊపిరి అందులో కొన్నేళ్ళపాటు ఆడుతూనే ఉన్నది.