ఆ ఆరుగురు ఎక్కడినుంచి వచ్చారు?

జపాన్‌లోని టైటో కంపెనీ కోసం తొమోహిరో నిషికాడో 1978లో తయారు చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆటలో గ్రహాంతరవాసులు 55 మంది. అయిదు వరసలు, వరసకు పదకొండుగురు. 1980లో ఆ ఆట అటారీ 2600 కన్సోల్‌తో ఇళ్లలోకి వచ్చేసరికి వాళ్లు 36 మందే మిగిలారు. ఆరు వరసలు, వరసకు ఆరుగురు. ఆరే ఎందుకో తెలుసుకుంటే ఆ యంత్రం గుట్టంతా తెలిసిపోతుంది.

అటారీ 2600లో ఉన్న ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే! తెర మీద అడ్డంగా 160, నిలువుగా 192 చుక్కలనుకుందాం. ఏ చుక్క వెలగాలి, ఏది వెలగకూడదు అన్నంత వరకే దాచుకోవాలన్నా 3,840 బైట్లు కావాలి. ఉన్నదానికి అది 30 రెట్లు. కాబట్టి ఈ కన్సోల్ బొమ్మను దాచుకోదు, అప్పటికప్పుడు గీస్తుంది.

పాత టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమనుంచి కుడికి ఒక్కో గీతే గీస్తూ కిందికి దిగుతుంది. అమెరికా టీవీల్లో ఈ కన్సోల్ గీసే ఒక్కో బొమ్మకు 262 గీతలు, సెకనుకు సుమారు 60 సార్లు. ఒక గీత పూర్తయ్యేలోగా ప్రాసెసర్‌కు దక్కేది 76 గడియారపు టిక్కులు. అతి చిన్న ఆదేశానికే రెండు టిక్కులు పడతాయి. ఈ గీతలో ఏం కనిపించాలో ఆలోగా చెప్పెయ్యాలి; ఆలస్యమైతే బొమ్మ చెదిరిపోతుంది. ఇక బాంబు ఎక్కడ పడింది, స్కోరు ఎంత అన్న లెక్కలన్నీ పుంజం కనిపించే భాగం దాటి మళ్లీ పైకి వచ్చేలోగా దొరికే కాస్త విరామంలోనే చూసుకోవాలి.

బొమ్మలు గీసే చిప్ పేరు టీఐఏ. ఎనిమిది చుక్కల వెడల్పున్న కదిలే బొమ్మలు రెండు, రెండు గుళ్లు, ఒక బంతి: కదిలేవాటిలో దాని ఆస్తి ఇంతే. అయితే ఒక్కో బొమ్మను అదే గీత మీద మూడుసార్లు చూపించగలదు. రెండు మూళ్లు ఆరు! పుంజం కింది వరసకు దిగేసరికి ప్రోగ్రాము అవే బొమ్మలకు వేరే రూపం తొడుగుతుంది. అలా రెండు బొమ్మలే 36 మంది శత్రువులయ్యాయి.

ఈ అటారీ ఆటను రాసిన ప్రోగ్రామర్ రిక్ మారర్ ఇదంతా 4 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో ఇమిడ్చాడు. పైగా ఆ ఆటలోనే 112 రకాలు పెట్టాడు. పొదుపైన ప్రోగ్రాము రాయడం ఎలాగో చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనపడదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు అటారీ 2600ను అనుకరించే ‘స్టెల్లా’ అనే ఉచిత ఎమ్యులేటర్‌ను కంప్యూటర్‌లో పెట్టుకుని, తెర మీద ఒక్క రంగు పట్టీ గీసే ప్రోగ్రామైనా సొంతంగా రాసి చూడండి.