తుమ్మెద ఉరికిచ్చింది, వంకాయ నేర్పింది

పోలీసు లాఠీకి ఎదురు నిలవడ్డోడని ఊర్ల నాకు కొంచెం పేరుంది. గా పేరు మొన్న ఎండకాలం మా గోపాల్‌పేట ఇంటి దొడ్ల గంగల గల్సింది. గలిపింది ఎవలో గాదు, నల్లగ నిగనిగలాడే ఒక తుమ్మెద.

పొద్దుగాల పందిరి కింద కూసోని ఈ కాలమే రాస్తున్న. కాయితం మీద సన్నగ కట్టె పొట్టు రాలవట్టింది. ఊదితే మల్ల రాలుతున్నది. సల్ల గిలాసల గూడ పడ్డది. తలెత్తి సూస్తే పందిరి దూలానికి బర్మ పెట్టి తొలిచినట్టు గుండ్రటి బొక్క. చెదలేమో అనుకోని దగ్గరికి వోయిన. గంతే! గుయ్యిమనుకుంట ఒకటొచ్చి నా ముక్కుకు జానెడు దూరంల గాలిల నిలవడ్డది. నేను ఎడమకు జరిగితే అదీ ఎడమకు, కుడికి జరిగితే కుడికి. తువ్వాల పారేసి, చెప్పులిడిసి, ఇంట్లకు ఉరికి తలుపేసుకున్న. అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న మా అవ్వ కడుపు వట్టుకోని నవ్వింది. "లాఠీలకు ఉరకనోనివి, తుమ్మెదకు ఉరికినవా కొడుకా!"

నాకు రోషమొచ్చింది. మిరప సేనుకు తెచ్చిన పురుగుమందు మూలకుంటే తీసిన, ఆ బొక్కల పోద్దామని. అవ్వ చెయ్యి వట్టుకున్నది. "దాన్ని సంపితే వంకాయలు నువ్వు కాపిస్తవా?" అన్నది. ఊరికెనే అంటున్నదనుకున్న. తర్వాత సదువుకుంటే తెలిసింది, ఆమె మాటల సైన్సుందని.

మొదలు భయం సంగతి. మొకం ముంగట గాలిల నిలవడి దబాయించేది ఎక్కువసార్లు మగ తుమ్మెద. దానికి కొండి ఉండది. గుడ్లు పెట్టే గొట్టమే కొండిగ మారింది కాబట్టి అది ఆడదానికే ఉంటది. మగది తన జాగ కాపాడుకుంట ఉత్తగ బెదిరిస్తది. ఆడది గూడ చేతిల ఒత్తిపట్టుకుంటే తప్ప కుట్టది. అంటే నేను తలుపేసుకున్నది ఆయుధం లేనోనికి భయపడి!

రెండోది, తుమ్మెద కట్టె తినది. దవడలతోని తొలిచి సొరంగం జేస్తది. పుప్పొడి, పూల తేనె కలిపి ముద్ద జేసి, దాని మీద ఒక గుడ్డు పెట్టి, కట్టె పొట్టుతోనే అడ్డం గోడ కడ్తది. ఒక్కో అర్రల ఒక్కో పిల్ల. నా సల్లల పడ్డది ఆ ఇంటి పని పొట్టే.

ఇగ వంకాయ ముచ్చట. వంకాయ పువ్వు నడుమ పసుపుపచ్చ గొట్టాలుంటయి. పుప్పొడి వాటి లోపల ఉంటది. గొట్టం మూతికి సన్నటి రంధ్రమే, ఉప్పు డబ్బా లెక్క. ఊపితేనే రాలుతది. తుమ్మెద పువ్వును గట్టిగ పట్టుకోని, రెక్కలు ఆడియ్యకుండనే ఎగిరే కండరాలను వణికిస్తది. గప్పుడు సప్పుడు మారుతది, పుప్పొడి దాని కడుపు మీద జల్లున రాలుతది. మన తేనెటీగలకు ఈ ఇద్దె రాదు. వంకాయ తనంత తాను గూడ కొంత కాస్తది గని, తుమ్మెదలసుంటివి వాలితే కాపు బాగైతది. టమాటది గూడ ఇదే తీరు.

అసలు బాధ ఇక్కడుంది. మందు కొట్టేటప్పుడు ఎవల్ని సంపుతున్నమో సూస్తలేం. కాయ తొలిచే పురుగు కాయ లోపల సల్లగ ఉంటది. పువ్వు మీద వాలిన, కూలి అడగని కూలిమనిషి సస్తది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లనే కేంద్రం నిషేధం పెట్టింది. నిషేధం కాయితం మీద ఉంటే సాలదు, దొడ్ల గూడ ఉండాలె. రైతును తప్పు పడ్తలేను. ఏ పురుగు దోస్తు, ఏది దుష్మన్ అని సేను కాడికొచ్చి జెప్పేటోల్లు తక్కువ, డబ్బా అమ్మేటోల్లు ఎక్కువ.

అందుకే నా మాట ఇనుండ్రి. పూత మీద పొద్దుగాల మందు కొట్టకుండ్రి. తప్పదనుకుంటే పొద్దుగూకినంక ఏపగింజల కషాయం కొట్టుండ్రి. ఇంటి దూలాలకు రంగెయ్యుండ్రి, తుమ్మెద అంతగ తొల్వది. దానికి బదులు దొడ్డి మూలకు ఒక ఎండు మొద్దు ఇడిసిపెట్టుండ్రి.

మా పందిరి దూలం ఇప్పుడు దాని సొంతం. పొట్టు పడితే ఊదుకుంట రాస్తున్న. మొన్న అవ్వ గుత్తొంకాయ ఒండింది. కడుపునిండ తిని బయటికొస్తే, అది మల్ల నా ముక్కు ముంగట నిలవడ్డది. ఈసారి ఉరకలే. ఒక్కడుగు ఎనకకు మాత్రం జరిగిన.